పరుల యుద్ధము - మన పద్దు



మన తీరమున దుర్గరాజపట్టణమునందు ఆంగ్లేయులు 1626లో వర్తకస్థానము నెలకొల్పుకొనిరి. చెన్నపట్టణపు కోటకంటె ఇది ముందుది. వస్త్రములు కొనవచ్చిన ఆ వర్తకులే నూఱేండ్లు దాటిన పిమ్మట తమ ఖండపు కలహమును మన తీరమునకు దిగుమతి చేసిరి.

1740లో మరియా థెరీసాకు ఆస్ట్రియాయందలి తండ్రి రాజ్యము చెల్లునా చెల్లదా యని యూరపు రాజులకు తగవు వచ్చెను. ఆ తగవు ఇచ్చటికిని ప్రాకి, 1746లో ఫ్రెంచివారు చెన్నపట్టణమును పట్టుకొనిరి. 1748 నాటి సంధిచే దానిని మరల నిచ్చివేసిరి. వారికి ఉత్తర అమెరికాయందలి లూయీబర్గ్ దుర్గము తిరిగి దక్కెను. ఆ దుర్గము పేరు పినాకినీ తీరపు కాపు కలలోనైన వినియుండడు.

సంధి కుదిరినను పోరు ఆగలేదు. ఇరు కంపెనీలును ఆర్కాటు గద్దెకు చెఱియొక హక్కుదారుని నిలిపినవి. ఆంగ్లేయులు నిలిపిన మహమ్మదాలీకి సోదరుడైన నజీబుల్లా నెల్లూరునేలుచు ఎదురుతిరుగగా, 1757లో కర్నల్ ఫోర్డ్ నెల్లూరును ముట్టడించి, పట్టలేక మరలిపోయెను. 1759లో ఫ్రెంచి సేనాని లాలీ చెన్నపట్టణపు ముట్టడి విడువగానే నజీబుల్లా తనంతట ఆంగ్లేయులతో కలిసి నెల్లూరును నిలుపుకొనెను. ముట్టడికి ముందు పట్టణమెవరిదో పిదపను వారిదే. మరి కూలినవారు దేనికి కూలిరి?

1761లో ఆంగ్లేయులు పుదుచ్చేరిని పట్టి కోటను నేలమట్టము గావించిరి. 1763 నాటి పారిస్ సంధిలో దానిని ఫ్రెంచివారికే తిరిగి యిచ్చుటకు ఒప్పుకొనిరి. గెలిచిన ఇంగ్లండు జాతీయ ఋణము ఆ యేడేండ్లలో సుమారు 7 కోట్ల 50 లక్షల పౌన్లనుండి 13 కోట్లు దాటినది. గెలుపు పద్దు ఇట్టిది!

మన పద్దు ఇంతకంటె దీర్ఘమైనది. కంపెనీ తన సేనావ్యయమును నవాబు పేర వ్రాసెను. అది తీర్చుటకు నవాబు కంపెనీ ఉద్యోగులయొద్దనే హెచ్చు వడ్డీకి అప్పుచేసి, పరగణాల శిస్తును హామీగ నిచ్చెను. ఫిరంగి మ్రోత ఆగినను వడ్డీ ఆగదు గదా! విచారణ లేకయే ఆ ఋణములను అంగీకరించిరని 1785లో ఎడ్మండ్ బర్క్ పార్లమెంటునందు ఆక్షేపించెను. సభ ఆయన మాట త్రోసివేసెను. తుదకు 1801లో ఆర్కాటు రాజ్యముతోపాటు నెల్లూరు సీమయు కంపెనీవశమయ్యెను. అప్పు తీర్చినది రైతు. భూమి పుచ్చుకొన్నది అప్పిచ్చినవాడు.

భారతము స్త్రీపర్వమునందు, మడిసినవారెందఱని ధృతరాష్ట్రుడడుగగా ధర్మరాజు సంఖ్య చెప్పును. గెలిచిన రాజు ఆ లెక్క యప్పగింపవలసినదే యని వ్యాసుని తీర్పు. ఆ భారతమును తెనిగించిన తిక్కన సోమయాజి ఊరిలోనే 1757లో యుద్ధము జరిగినది. చరిత్రకారులు సేనానుల పేర్లు వ్రాసిరి. శిస్తు కట్టిన కాపు పేరుగాని, మూటలు మోసిన కూలి పేరుగాని ఎవ్వరును అడుగలేదు.

గ్రామమున గ్రంథాలయముండుట ఇందులకే: ఇకమీద ఎవరైన యుద్ధమని కేక వేసినపుడు, ఖర్చు ఎవరి పద్దున వ్రాయుదురని అడుగగల చదువరి ఊరికొక్కడైన నుండవలెను.