బాణసంచా అమ్మకాలు, వాడకం – నిబంధనలు, మన బాధ్యత

(దీపావళికి ముందు జరిగిన సంఘం నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించో, హెల్త్ కార్డుల గురించో మాట్లాడకుండా ఈయన టపాకాయల గురించి మాట్లాడతానంటాడేమిటని కొందరికి అనిపించవచ్చు. బకాయిల సంగతి కార్యదర్శి గారు చూసుకుంటున్నారు. నేను కలెక్టరేటులో మెజిస్టీరియల్ సెక్షన్‌లో చాలా ఏళ్ళు గుమాస్తాగా పనిచేశాను. దసరా వెళ్ళిందంటే బాణసంచా లైసెన్సుల దరఖాస్తులు నా బల్ల మీద గుట్టలు పడేవి. ఆ అనుభవంతో నాలుగు మాటలు మనవి చేసుకుంటాను.

ముందుగా ఒక మాట. నేను పండగకు వ్యతిరేకిని కాను. గోగు కాడలకు నూనె గుడ్డలు చుట్టి దివిటీలు కొట్టినవాణ్ణే. సూరేకారం, గంధకం, బొగ్గుపొడి, ఇనుప రజను కలిపి ఇంటి అరుగు మీద మతాబులు, చిచ్చుబుడ్లు కూరిన తరం మనది. మా ఇంట్లో ఇవాళ కూడా మనవలు కాకరపువ్వొత్తులు కాలుస్తారు. అందుచేత ‘టపాకాయలు పూర్తిగా నిషేధించాలి’ అని నేను అనబోవటం లేదు. ఉన్న నిబంధనలు కాగితం మీద నుంచి మైదానంలోకి, వీధిలోకి రావాలన్నదే నా వాదన.

మన దేశంలో పేలుడు పదార్థాల చట్టం 1884 నాటిది. దాని కింద నిబంధనలు ఎన్నోసార్లు మారాయి. నేను ఉద్యోగంలో ఎక్కువ కాలం వాడింది 1983 నిబంధనలు. వాటి స్థానంలో 2008లో కొత్తవి వచ్చాయి. నాగపూర్ కేంద్రంగా ఉన్న కేంద్ర ప్రభుత్వ సంస్థ ‘పెసో’ పెద్ద కర్మాగారాలకు, పెద్ద గోదాములకు లైసెన్సులిస్తుంది. 15 కిలోలకు మించని చిన్న తయారీకీ, పండగ దుకాణాలకూ జిల్లా స్థాయిలోనే ఇస్తారు. 18 ఏళ్ళు నిండనివారు వీటిని తయారుచేయటం, దగ్గర ఉంచుకోవటం, అమ్మటం, రవాణా చేయటం చట్టం ఒప్పుకోదు. మన వీధి చివర బల్ల వేసుకుని అమ్మే కుర్రాళ్ళలో ఎంతమందికి 18 ఏళ్ళు నిండాయో మీరే ఆలోచించండి.

పండగ దుకాణాల నిబంధనలు చూడండి. షెడ్డు మంట అంటుకోని సామగ్రితో కట్టాలి. షెడ్డుకీ షెడ్డుకీ మధ్య కనీసం 3 మీటర్ల ఖాళీ ఉండాలి. షెడ్లు ఎదురెదురుగా ఉండరాదు. ఇళ్ళు, ఆసుపత్రులు వగైరాలకు 50 మీటర్ల దూరం ఉండాలి. ఒక చోట 50 దుకాణాలు మించకూడదు. నూనె దీపాలు, గ్యాస్ లైట్లు పనికిరావు. కరెంటు బల్బు వైరుకు వేలాడకూడదు, గోడకో కప్పుకో బిగించి ఉండాలి. వరుసకొక మెయిన్ స్విచ్ ఉండాలి. షెడ్లకు 50 మీటర్ల లోపు ఎవరూ టపాకాయ కాల్చి చూపకూడదు. ఇందులో అర్థం కానిది ఒక్కటీ లేదు. ఎనిమిదో తరగతి పిల్లవాడు టేపు పట్టుకుని కొలవగలడు.

మరి ఎందుకు అమలు కాదు? సర్వీసులో ఉండగా ఒక చిన్న వర్తకుడు నాతో అన్న మాట చెబుతాను. సైట్ ప్లాను తిరిగి ఇస్తూ, “ఇందులో 3 మీటర్ల ఖాళీ చూపలేదయ్యా” అన్నాను. అతను, “బాబుగారూ, మైదానం అద్దె మొత్తానికి కట్టాం. మీరు చెప్పినట్టు ఖాళీ వదిలితే ఇరవై కొట్ల చోట పదమూడే పడతాయి. ఆ ఏడు కొట్ల అద్దె ఎవరు కడతారు?” అన్నాడు. అతని మాటలో న్యాయం ఉంది. ప్లాను దిద్దించి తెమ్మన్నాను, దిద్దించి తెచ్చాడు. కాని ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. స్థలం ఇచ్చేవారు చదరపు గజాల లెక్కన డబ్బు చూసుకుంటారు. వర్తకుడు కొట్ల లెక్కన చూసుకుంటాడు. మధ్యలో ఉన్న ఖాళీకి ఖరీదు కట్టేవారు లేరు. ఆ ఖాళీయే ప్రాణాలు కాపాడేది. అందుకే నా మొదటి సూచన: మునిసిపాలిటీ గాని, దేవస్థానం గాని, కాలేజీ గాని మైదానం ఇచ్చేటప్పుడు వదలవలసిన ఖాళీ స్థలానికి అద్దె తీసుకోరాదు. అప్పుడు నిబంధన పాటించినవాడు నష్టపోడు.

ప్రమాదాలు మనకు దూరంగా జరుగుతాయనుకోవద్దు. 2014 అక్టోబరు 20న, దీపావళికి మూడు రోజుల ముందు, తూర్పు గోదావరి జిల్లా వాకతిప్పలో బాణసంచా తయారీ కేంద్రం పేలి పదిహేనుకు పైగా ప్రాణాలు పోయాయి. 2022 అక్టోబరు 23న విజయవాడ గాంధీనగర్ జింఖానా మైదానంలో టపాకాయల దుకాణాలు అంటుకుని ఇద్దరు చనిపోయారు. 2024లో సరిగ్గా దీపావళి రోజున, అక్టోబరు 31న, ఏలూరులో స్కూటర్ మీద ఉల్లిపాయ బాంబులు తీసుకువెళుతుండగా అవి పేలి ఒకరు అక్కడికక్కడే మరణించారు, ఇంకొందరు గాయపడ్డారు. ఉల్లిపాయ బాంబుకు నిప్పు అక్కరలేదు, గట్టి తాకిడి చాలు. గంధకం, క్లోరేటు కలిపిన మందును 1992లోనే కేంద్ర ప్రభుత్వం నిషేధించటానికి కారణం అదే, రాపిడికే అంటుకుంటుంది. 2025 ఏప్రిల్ 13న అనకాపల్లి జిల్లా కైలాసపట్నంలో ఎనిమిది మంది కూలీలు పోయారు. అదే ఏడాది అక్టోబరు 8న కోనసీమ జిల్లా రాయవరంలో మళ్ళీ అలాంటి ప్రమాదమే జరిగింది.

ఈ చనిపోయినవారు ఎవరు? రోజు కూలికి మందు కూరే ఆడవాళ్ళు, మగవాళ్ళు. మనకు నెల మొదటి తారీకున పెన్షన్ పడుతుంది. మనం పోతే ఫ్యామిలీ పెన్షన్ ఉంటుంది. వాళ్ళకు ఆ పూట కూలి తప్ప వేరే ఆధారం లేదు. దేశంలో బాణసంచా చాలా భాగం తయారయ్యే శివకాశి దగ్గర ముదలిపట్టిలో 2012 సెప్టెంబరు 5న ఒక్క కర్మాగారంలో ముప్ఫై ఎనిమిది మంది చనిపోయారు. మనం కొనే ఒక్కొక్క పెట్టె వెనుక ఎవరిదో చెయ్యి ఉంది. అందుకే బిల్లు లేని, లేబులు లేని సరుకు చవకగా దొరికిందని సంతోషించకూడదు. ఆ తగ్గిన ధర ఎక్కడో ఒక రేకుల షెడ్డులో జాగ్రత్తలు మానేసినందువల్ల తగ్గినదై ఉండవచ్చు.

పూర్తి నిషేధం వద్దని నేను అనటానికి కారణం కూడా ఇదే. లైసెన్సు ఉన్న కొట్టు మూసేస్తే అమ్మకం ఆగదు, ఇంటి వెనక గదిలోకి పోతుంది. అక్కడికి ఏ ఫైరాఫీసరూ రాడు.

ఇక కోర్టు తీర్పులు. 2005 జూలై 18న సుప్రీంకోర్టు రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు చప్పుడు చేసే టపాకాయలు కాల్చరాదని దేశమంతటికీ వర్తించేలా తీర్పు ఇచ్చింది. పేలిన చోటికి 4 మీటర్ల దూరంలో 125 డెసిబెల్స్ మించి శబ్దం చేసే టపాకాయలు తయారుచేయరాదు, అమ్మరాదు అన్నది అంతకుముందే, 1999 నుంచి ఉన్న నియమం. డెసిబెల్స్ లెక్క మామూలు లెక్క కాదు. పది పెరిగితే శబ్ద తీవ్రత పది రెట్లవుతుంది. ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ 100 మీటర్ల వరకు ఉండే నిశ్శబ్ద మండలంలో అసలే పనికిరాదు.

2015లో ఢిల్లీలో ముగ్గురు పసిపిల్లల పేరిట వారి తండ్రులు వేసిన పిటిషన్ మీద 2018 అక్టోబరు 23న ఇంకొక ముఖ్యమైన తీర్పు వచ్చింది. పొగ తక్కువ వచ్చే ‘గ్రీన్ క్రాకర్స్’ మాత్రమే అమ్మాలి. బేరియం లవణాలు వాడరాదు. టపాకాయలు వరుసగా కట్టిన సరాలు, అంటే మన పిల్లలు మోజుపడే థౌజండ్ వాలా, టెన్ థౌజండ్ వాలా, అమ్మరాదు. ఆన్‌లైన్‌లో అమ్మరాదు. దీపావళి నాడు రాత్రి 8 నుంచి 10 వరకే కాల్చాలి. తమిళనాడు కోరగా వేళ మార్చుకోవచ్చు గాని రెండు గంటలు మించరాదని అదే నెలలో సవరించింది. బేరియం, సరాల మీద నిషేధం దేశమంతటికీ వర్తిస్తుందని 2021లో మళ్ళీ చెప్పింది. 2023లో సడలించమని ఉత్పత్తిదారులు అడిగితే ఒప్పుకోలేదు. అయినా మన బజారులో సరాలు కనపడని దీపావళి నేను చూడలేదు.

గ్రీన్ క్రాకర్ అంటే పొగే రాదని కాదు. మామూలు వాటికన్నా ధూళి సుమారు 30 శాతం తగ్గుతుందని దాన్ని రూపొందించిన నాగపూర్ ‘నీరి’ సంస్థ చెబుతుంది. పెట్టె మీద ఆ సంస్థ గుర్తు, క్యూఆర్ కోడ్ ఉంటాయి. అది చూసి కొనండి. కాలితే అదీ కాలుతుంది, పిల్లల చేతికిస్తే అదీ ప్రమాదమే.

అనుమతి కాగితం విలువ తెలియటానికి కేరళ ఉదాహరణ ఒకటి చాలు. 2016 ఏప్రిల్ 10 తెల్లవారుజామున కొల్లం జిల్లా పరవూరు పుట్టింగల్ దేవాలయంలో బాణసంచా పోటీలో వందమందికి పైగా మరణించారు. ఆ పోటీకి జిల్లా అధికారులు అనుమతి నిరాకరించారు. అయినా పోటీ జరిగింది. ఫైలు సరిగానే నడిచింది. ఫైలులో ఉన్న ‘కాదు’ అన్న మాటను మైదానంలో నిలబెట్టేవారు లేకపోయారు.

మనలాంటి వాళ్ళకు ఇది పరాయి సమస్య కాదు. నా భార్యకు ఆయాసం. దీపావళి వారం రోజులూ కిటికీలు బిగించుకుని, ఇన్‌హేలర్ పక్కన పెట్టుకుని కూర్చుంటుంది. రాత్రి పన్నెండింటికి వీధిలో బాంబు పేలితే ఉలిక్కిపడి లేచి, గుండె దడ తగ్గేదాకా నా చెయ్యి పట్టుకుంటుంది. కిందటేడు మా వీధి కుర్రాళ్ళతో ఈ మాట చెప్పాను. తిట్టలేదు, పోలీసులను పిలుస్తాననలేదు. “బాబూ, పది దాటాక చప్పుడు లేనివి కాల్చుకోండి, మీ మామ్మగారికి ఊపిరి ఆడటం లేదు” అన్నాను. వాళ్ళు మతాబులు, భూచక్రాలతో సరిపెట్టుకున్నారు. మర్నాడు ఒకడు వచ్చి, “మామ్మగారు పడుకున్నారా తాతగారూ?” అని అడిగాడు కూడా. మనం చెప్పకపోతే వాళ్ళకు తెలిసేదెలా?

సభవారి ముందు కొన్ని సూచనలు ఉంచుతున్నాను.

ఒకటి. ఖాళీ స్థలానికి అద్దె వద్దన్న విషయం సంఘం తరఫున తీర్మానించి, సోమవారం గ్రీవెన్స్‌లో కలెక్టరు గారికి విజ్ఞాపన పత్రం ఇద్దాం.

రెండు. తాత్కాలిక లైసెన్సులు పొందిన దుకాణాల జాబితా మైదానం గేటు దగ్గర బోర్డు మీద పెట్టాలని అడుగుదాం. ఇవ్వకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. దరఖాస్తు రాయటం మనకు ఎవరూ నేర్పక్కరలేదు.

మూడు. అమ్మకాలు మొదలయ్యే రోజున మన సభ్యులు నలుగురు టేపు పట్టుకుని మైదానానికి వెళదాం. తగాదాకు కాదు, కొలవటానికి. తేడా ఉంటే ఫైరాఫీసు వారికి రాతపూర్వకంగా ఇద్దాం. నోటి మాటకు డైరీ నంబరు పడదు.

నాలుగు. పిల్లలకు, మనవలకు ఇవ్వాలని రైలులో, బస్సులో టపాకాయలు తీసుకుపోవద్దు. రైలులో ప్రమాదకర వస్తువులు తీసుకువెళితే 1989 రైల్వే చట్టం 164వ సెక్షన్ ప్రకారం మూడేళ్ళ వరకు జైలుశిక్ష పడవచ్చు.

అయిదు. ఇంట్లో జాగ్రత్తలు. నూలు బట్టలు కట్టించండి. బకెట్టు నీళ్ళు, ఇసుక పక్కన పెట్టండి. తుస్సుమన్న దాన్ని మళ్ళీ వెలిగించవద్దు, నీళ్ళు పోయండి. చిచ్చుబుడ్డి మీదకు వంగవద్దు. ఒళ్ళు కాలితే సిరా, టూత్‌పేస్టు పూయకుండా ఇరవై నిమిషాలు చల్లని నీటి ధార కింద ఉంచండి. కంటికి దెబ్బ తగిలితే నలపవద్దు, దేన్నీ లాగవద్దు, వెంటనే కంటి ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. దీపావళి రాత్రి హైదరాబాదు సరోజినీదేవి కంటి ఆసుపత్రికి ఏటా వచ్చేవారిలో పిల్లలే ఎక్కువ. కాల్చినవాడికే కాదు, పక్కన నిలబడి చూసే పిల్లవాడికీ దెబ్బ తగులుతుంది.

మిత్రులారా, ముప్ఫై ఏళ్ళకు పైగా ‘నిబంధనల ప్రకారం పరిశీలించి తగు చర్య తీసుకొనవలెను’ అని రాసి రాసి రిటైరైన వాళ్ళం మనం. ఆ వాక్యం ఇప్పుడు మన చేతుల మీదుగా నిజం కావటానికి వీలుంది. మన దగ్గర సమయం ఉంది, నిబంధన చదివే అలవాటు ఉంది, పెద్దవాళ్ళమని వీధిలో వినే చెవులూ ఇంకా ఉన్నాయి. మొదటి మూడు సూచనలను తీర్మానాలుగా స్వీకరించవలసిందని అధ్యక్షుల వారిని కోరుతున్నాను. టేపు నేను తెస్తాను, నాతో వచ్చే ముగ్గురు ఇవాళే పేర్లు ఇవ్వండి.

అందరికీ దీపావళి శుభాకాంక్షలు. సెలవు.