పురుటికి ముందే తోడు

(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మనం సమావేశమైన ఈ మొజంజాహీ మార్కెట్‌ను 1935లో కట్టారు. ఏడో నిజాం రెండో కుమారుడు మొఅజ్జం జా పేరు దీనికి పెట్టారు. ఆయన బేగం నిలోఫర్ ఈ ఊరి మనిషి కాదు. ఇస్తాంబుల్‌లో పుట్టి, ఖిలాఫత్ రద్దయ్యాక కుటుంబంతో దేశం విడిచి, ఫ్రాన్స్‌లో పెరిగి, ఇక్కడికి కోడలిగా వచ్చారు. ఆమెకు సంతానం కలగలేదు. తన దగ్గర పనిచేసే రఫత్ కాన్పులో చనిపోతే, ఆ దుఃఖంలోంచే ఆమె ప్రసూతి ఆసుపత్రి కావాలని పట్టుబట్టారు. అదే 1953లో తెరిచిన రెడ్‌హిల్స్ నిలోఫర్ ఆసుపత్రి.

అంటే ఆసుపత్రి మనకు దగ్గరే ఉంది. నాంపల్లి స్టేషన్‌లో దిగే బీహార్, బెంగాల్ కూలీల భార్యలకూ దగ్గరే. 2011లో మొదలైన జననీ శిశు సురక్ష కింద సర్కారు దవాఖానాల్లో గర్భిణికి పరీక్షలు, మందులు, కాన్పు, ఆపరేషన్, రక్తం అన్నీ ఉచితం. మరి ఎందుకు రారు?

మేము బస్తీల్లో అడిగితే ఎక్కువగా వినిపించేది ఒక్కటే: "మాది ఇక్కడి ఆధార్ కాదు." నగదు సాయం వేరు, వైద్యం వేరు. డబ్బు పథకాలకు ఆధార్, బ్యాంకు ఖాతా అడుగుతారు. బీపీ చూడడానికి, రక్తం పరీక్షించడానికి ఊరు అడ్డు కాకూడదు. ఈ తేడా వాళ్లకు ఎవరూ చెప్పలేదు. బాలాపూర్ రోహింగ్యా తల్లులకైతే ఆధారే లేదు, వాళ్ల మాట కౌంటర్‌లో అర్థం కాదు. పైగా పరీక్షకు వెళ్లిన రోజు భర్త కూలి పోతుంది. ఆ లెక్క ఏ పథకంలోనూ లేదు.

కిషన్‌గంజ్ నుంచి వచ్చిన ఒక తల్లి ఏడో నెలలో మాకు కలిసింది. ఒకచోట పాత కార్డు తెమ్మని వెనక్కి పంపారట. కార్డు ఊళ్లో అత్తగారి పెట్టెలో ఉంది. మన సోదరి ఒకరు ఆ ఊరి ఆశా కార్యకర్తకు ఫోన్ చేసి, కార్డు ఫొటో వాట్సాప్‌లో తెప్పించారు. మొదటి కాన్పు ఆపరేషన్ అని అందులో ఉంది. ఆ సంగతి ఇక్కడ ఎవరికీ తెలియకుండా నొప్పులు మొదలై, ఏ అర్ధరాత్రో గుడిసెలోనే ఉండిపోతే? పాత కుట్టు తెగితే తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కకపోవచ్చు. ఆ ఫోన్‌కు మనకు ఒక్క రూపాయి ఖర్చు కాలేదు.

హజ్రత్ అస్మా (రజి) నెలలు నిండాక మక్కా వదిలి హిజ్రత్ చేశారు. ఖుబాలో దిగి ప్రసవించారు. మదీనాలో ముహాజిర్లకు పుట్టిన తొలి బిడ్డ అబ్దుల్లా బిన్ జుబైర్. ప్రవక్త (స) ఖర్జూరం నమిలి ఆ పసివాడి నోట పెట్టారు. వలస వచ్చిన గర్భిణి మన చరిత్రకు కొత్త కాదు. జకాత్ హక్కుదారుల్లో బాటసారి కూడా ఉన్నాడని మనందరికీ తెలుసు.

కొందరు సభ్యులు పుట్టిన బిడ్డలకు కిట్లు పంచుదామన్నారు. మంచి మాటే, ఫొటోలూ బాగా వస్తాయి. కానీ సబ్బు, దోమతెర అందుకోవడానికి తల్లి ముందు బతకాలి. అందుకే ఈసారి సొమ్మును పుట్టకముందు నెలలకే కేటాయించమంటున్నాం: ఆటో కిరాయి, పోయిన కూలి, వెంట వెళ్లే మనిషి. రక్తహీనత, బీపీ పట్టుకోవలసింది అప్పుడే. తలనొప్పి, కళ్లు మసకలు, ముఖం వాపు ఉంటే ఆగకూడదని ఆమె భాషలో చెప్పాలి. 'దవాఖానాకు పో' అంటే సరిపోదు, చెయ్యి పట్టుకుని వెళ్లాలి.

2016 నుంచి ప్రతి నెలా 9వ తేదీన సర్కారు దవాఖానాల్లో గర్భిణులకు డాక్టర్లు ప్రత్యేకంగా పరీక్షలు చేస్తున్నారు. వచ్చే నెల 9న పొద్దున ఎనిమిదింటికి మార్కెట్ గడియారం కింద ఆటోలు ఉంటాయి. బెంగాలీ వచ్చిన సోదరీమణులు ఇద్దరు కావాలి. సభ అయ్యాక పేర్లు ఇవ్వండి.