కంప్యూటరు వృత్తియందు యోగ్యతాపత్రముల విలువ
(వార్షిక మహాసభ విద్యాగోష్ఠియందు చేసిన యుపన్యాసము)



విద్యానిధి విషయమున కార్యవర్గమువారికి ఈ యేడు ఒక ప్రశ్న యెదురైనది. ఇంతవరకు కళాశాలల జీతములకు మాత్రమే వినియోగపడుచున్న యీ ధనమును, కంప్యూటరు వృత్తికి సంబంధించిన యోగ్యతాపత్రముల పరీక్షలకుగూడ నీయవచ్చునా, యీయరాదా యనునదియే ఆ ప్రశ్న. దీనినిగూర్చి నాలుగు మాటలు చెప్పుడని మమ్ము కోరిరి. ముప్పదియేండ్లకు మించి యున్నత పాఠశాలలలో తెలుగును సంస్కృతమును చెప్పిన వానికి రౌటరులతోను క్లౌడుతోను ఏమి పని యని కొందఱు నవ్వుకొనుచుండవచ్చును. నవ్వదగిన మాటయే. కాని యీ విషయమున మేమొక తప్పు చేసియున్నాము. ఆ తప్పు మూలముననే దీనిని కొంత నేర్చుకొనవలసివచ్చినది. దానిని దాచక, సమయము వచ్చినపుడు చెప్పెదము.

మొదట నీ పత్రముల యక్కఱ యేల కలిగినదో చూతము. వైద్యుడు వైద్యమండలియందు పేరు నమోదు కానిదే చికిత్స చేయరాదు. న్యాయవాది 1961 నాటి న్యాయవాదుల చట్టము ననుసరించి బార్ కౌన్సిలులో చేరనిదే న్యాయస్థానమున వాదింపరాదు. మాబోటి పండితులకును భాషాప్రవీణ పరీక్షయు, పండిత శిక్షణయు లేనిదే పాఠశాల గడప దాటుట కష్టముగా నుండెను. కంప్యూటరు వృత్తికి మన దేశమున నట్టి కట్టుబాటు లేదు. ప్రోగ్రాము వ్రాయుటకుగాని, వేయిమంది పనిచేయు కార్యాలయపు యంత్రముల నన్నిటిని ఒండొంటితో కలుపుటకుగాని చట్టము ఎవ్వరిని నడ్డగింపదు. ఇది మేలే. తలుపు తెఱచియున్నందుననే మన గ్రామముల బిడ్డలు లోనికి పోగలిగిరి. కాని తెఱచిన తలుపు కడ గుంపు కూడును. లోపలివాడు ఎవరిని పిలువవలెనో తెలియక తానెఱిగిన గుర్తులను వెదకును. గొప్ప కళాశాల పేరు, తెలిసినవారి సిఫారసు, మునుపు పనిచేసిన పెద్ద సంస్థ పేరు, ఇవి యా గుర్తులు. మగ్గపుగుంతలో కాళ్లాడించు తండ్రికి పుట్టి, మండల కేంద్రపు డిగ్రీ కళాశాలలో చదివిన పిల్లవానికి ఈ మూడింటిలో నొక్కటియు నుండదు. అట్టివానిని గూర్చి, వానితో చుట్టఱికము లేని మూడవవాడొకడు “ఇతనికి ఈ పని తెలియును, మేము పరీక్షించి చూచితిమి” యని పలుకు సాక్ష్యమే యోగ్యతాపత్రము.

గుర్తు యొక్క విలువ నేతవారికి వేఱొకరు చెప్పనక్కఱలేదు. పోచంపల్లి ఇకత్తునకు 2004-05లో భౌగోళిక గుర్తింపు లభించినది. పడుగును పేకను ముందే కట్టి, రంగులద్ది నేసిన చీరెకును, ఆ రూపునే అచ్చువేసిన మిల్లుగుడ్డకును దూరమునుండి చూచిన భేదము తెలియదు. కనుక కొనువానికి గుర్తు కావలెను. అయితే చీరెను త్రిప్పి వెనుకవైపు చూచువాడొకడుండును. ఇకత్తు రెండు వైపుల నొకటే రీతిగా నుండును. అచ్చుగుడ్డ వెనుక వెలవెలబోవును. ఆ త్రిప్పిచూచువానిని మఱవవద్దని మనవి. అతడు మఱల మన కథలోనికి రానున్నాడు.

ఈ పత్రములు నిన్న మొన్న పుట్టినవి కావు. మన జాకార్డు మగ్గమున పూవును తీర్చు చిల్లుల యట్టలను మీరందఱు నెఱుగుదురు. అట్టి చిల్లుల యట్టలతోనే అమెరికాలో హోలరిత్ అను నాయన యంత్రముచేత 1890 నాటి జనాభాలెక్కలను కూర్పించెను. చాలకాలము కంప్యూటరులకు పనిచెప్పినదియు అట్టలతోనే. ఆ యట్టల యంత్రములపై లెక్కలు చేయువారి సంఘమొకటి 1962లో తన వృత్తివారికి తానే యొక పరీక్షను నెలకొల్పినది. వృత్తిసంఘమే తన వారి యోగ్యతను నిర్ణయించుకొనుట యిందలి విశేషము. పిమ్మట యంత్రములు చేయు సంస్థలు, ప్రోగ్రాములమ్ము సంస్థలు ఈ పనికి దిగినవి. నోవెల్, మైక్రోసాఫ్టు సంస్థల పత్రములు గత శతాబ్దపు చివరి దశాబ్దిలో మిక్కిలి గిరాకీ గలవై యుండెను. సిస్కోవారు 1993లో సి.సి.ఐ.ఇ. అను కఠినపరీక్షను, 1998లో తొలిమెట్టుగా సి.సి.ఎన్.ఏ. యను పరీక్షను పెట్టిరి. రెడ్ హ్యాట్ వారిది 1999లోను, అమెజాన్ వారి క్లౌడు పరీక్షలు 2013లోను వచ్చినవి. మన ప్రభుత్వముకూడ 1990లో డోయెక్ పేరిట ఓ, ఏ, బి, సి యను నాలుగు స్థాయిల పరీక్షలను ఏర్పఱచినది. ఆ సంస్థ 2011లో నీలిట్ అను పేరు దాల్చినది. ప్రభుత్వ ముద్ర యున్నగాని మనసొప్పని పోషకులు దీనిని గమనింపగలరు.

ఇక మా తప్పు.

2005 సంవత్సరపు సంక్రాంతికి, మా వద్ద పదవ తరగతి వరకు చదివిన యొక నేతవారి పిల్లవాడు హైదరాబాదునుండి మాయింటికి వచ్చెను. బి.యస్‌సి. ముగించి అమీర్‌పేటలో నొక శిక్షణశాలయందు సి.సి.ఎన్.ఏ.కు చదువుచుండెను. తల్లి పుస్తెలగొలుసు కుదువపెట్టి జీతము కట్టిరి. వాని చేతిలో అచ్చువేసిన కాగితముల కట్ట యొకటి కలదు. పరీక్షలో వచ్చు ప్రశ్నలు, వాని జవాబులు అన్నియు నందున్నవట. శిక్షణశాలవారే దానిని వేఱుగ వెలకమ్మిరట. “మాస్టారూ! నేను వల్లెవేసెదను, మీరు పుస్తకము పట్టుకొని తప్పులు దిద్దండి” యనెను. వాడు బాల్యమున మావద్ద అమరకోశము మొదటి కాండమును తడబాటు లేక అప్పగించిన వాడు. మాకెంతో సంతోషమాయెను. రెండు రాత్రులు మేము కాగితములు పట్టుకొంటిమి; వాడు అప్పగించెను. ప్రశ్న సగము చదువకమునుపే “బి”, “డి”, “ఏ మఱియు సి” యని అక్షరములు చెప్పుచుండెను. ఎందువలన బి యని మేమొక్కసారియైన నడుగలేదు. మాకు ఆ శాస్త్రము తెలియదనుట నిజమే. కాని అర్థము తెలియని వల్లె యేమగునో మాకు తెలియదా? శ్లోకము అప్పగించిన పిల్లవానిని ప్రతిపదార్థ మడుగక యే దినమున విడిచితిమి? ఆ రెండు రాత్రులును విడిచితిమి.

వాడు పరీక్షలో నెగ్గెను, మంచి మార్కులే వచ్చెను. ఊరిలో మిఠాయి పంచిరి. నెల తిరుగకమునుపే యొక సంస్థవారు మాటలాడుటకు పిలిచిరి. పిలుపు వచ్చినది పత్రము వలననే, ఇది గమనింపవలెను. అచ్చట కూర్చున్న యధికారి చీరెను త్రిప్పి చూచు రకము. “ఒక కార్యాలయమున ఏబది కంప్యూటరులున్నవి. వానికి చిరునామాల నీయవలెను. ఎంత వరుసను విడదీయుదువు?” అని యడిగెను. రెండు, నాలుగు, ఎనిమిది, పదునాఱు అని రెట్టింపుగా పోవు వరుసలో ఏబదికి పైది అరువదినాలుగు; అందు మొదటిదియు చివరిదియు యంత్రములకీయరాదు గనుక అరువదిరెండు మిగులును; ఏబదికి చాలును. ఇంతే జవాబు. మేము తరువాత దీనిని నేర్చుకొంటిమి, అరగంట పట్టినది. మా పిల్లవానికి ఆ ప్రశ్న కాగితములలో నే సంఖ్యగలదో తెలియునుగాని లెక్క తెలియదు. తరువాత నొక యంత్రమును ముందుంచి సరిచేయుమన్నారు. వాడు లేచి నమస్కరించి వచ్చివేసెను. వారొక కఠినపు మాటయు ననలేదట. పత్రమును మాత్రము బల్లపై వెనుకకు జరిపిరట. అది తలచుకొని వాడు మా యరుగుమీద కూర్చుండి యేడ్చెను. పుస్తెలగొలుసు విడిపించుటకు మూడేండ్లు పట్టినది.

అటుపిమ్మట వాడు చేసిన పనిని చెప్పకుండుట న్యాయము కాదు. నగరమున నొక చిన్న దుకాణములో చేరి, కార్యాలయములకు తీగెలు లాగు కూలిపని చేసెను. మిత్రులు ముగ్గురు కలిసి పాతబడిన సిస్కో 2500 తరగతి రౌటరులు రెండు కొని, గదిలో మంచము క్రింద పెట్టుకొని, రాత్రులు విప్పుచు కూర్చుచు నేర్చుకొనిరి. పత్రమునకు మూడేండ్ల ఆయువే గనుక గడువు తీరులోపల మఱల పరీక్షకు పోయెను. ఈసారి మొదటిదానికంటె తక్కువ మార్కులు వచ్చినవి. ఆ తక్కువ మార్కుల పత్రముతోనే యుద్యోగము దొరికినది. నేడు తన క్రింద పనిచేయుటకు వచ్చువారిని తానే పరీక్షించుచున్నాడు. ఏబది యంత్రముల ప్రశ్న నిప్పటికిని అడుగునట.

ఇంకొక ఉదాహరణము క్లుప్తముగా చెప్పెదము. మా బంధువర్గములోని యొక యమ్మాయి పెండ్లియై, బిడ్డ పుట్టిన పిదప ఏడేండ్లు ఇంటిపట్టున నుండెను. మఱల నుద్యోగమునకు వ్రాసిన యే దరఖాస్తునకును జవాబు రాలేదు. ఇంటనుండియే క్లౌడు విద్యను సాధన చేసి, పరీక్ష నిచ్చి, పత్రమును జతపఱచినది. అప్పుడు జవాబులు వచ్చినవి. ఆమెకు తెలివి క్రొత్తగా రాలేదు. ఆ యేడేండ్లలో మాసిపోలేదని చెప్పు సాక్షి దొరికినాడు.

అన్ని పత్రములు సమానములు కావు. గుర్తుపెట్టు ప్రశ్నలతో పోవు పరీక్షలు గలవు. చేతితో పని చేయించి చూచు పరీక్షలు గలవు. రెడ్ హ్యాట్ వారి పరీక్షలో యంత్రమును ముందుంచి, ఈ పని చేయుమందురు. చేసినచో మార్కులు, లేనిచో లేవు. సి.సి.ఐ.ఇ.కి ఎనిమిది గంటల ప్రయోగపరీక్ష గలదు. కంప్యూటరు భద్రతకు సంబంధించిన సి.ఐ.యస్.యస్.పి. యను పత్రమునకు పరీక్ష నెగ్గినంత చాలదు; ఐదేండ్ల పని యనుభవమును చూపవలెను. తగిన డిగ్రీయున్నచో నొక యేడు తగ్గింతురు. నిన్న కళాశాల విడిచిన పిల్లవానికి దానిని ఆరునెలలలో నిప్పింతుమని ప్రకటించువాని మాట నమ్మరాదు.

ఆయువు సంగతియు జ్ఞాపకముంచుకొనవలెను. నోవెల్ వారి పత్రము ఒకప్పుడు జీతమును పెంచెడిది. ఆ సరకు వాడుక తగ్గగనే పత్రమును తగ్గినది. మైక్రోసాఫ్టువారు తమ సుప్రసిద్ధమైన ఎం.సి.ఎస్.ఇ.ని 2021 జనవరి చివర ముగించివేసిరి. తరువాతి వారి పత్రములలో పెక్కింటిని ఏటేట నూతనపఱచుకొనవలెను. దానికి మాత్రము శుల్కము లేదు. మేము 1980 ప్రాంతమున పొందిన భాషాప్రవీణకు ఇట్టి బాధ లేదు. పాణిని క్రొత్త కూర్పు వెలువరింపడుగదా! ఈ వృత్తియందు అట్లు కుదురదు. కావున నొక సంస్థ సరకును మాత్రమే నేర్పు పత్రమునకంటె, చిరునామాల లెక్క, యంత్రముల పొందిక, భద్రతాసూత్రములవంటి మూలవిషయములను నేర్పు పత్రమునకు ముందు ధనమిచ్చుట మేలని మా యభిప్రాయము. ప్రోగ్రాములు వ్రాయుటయే వృత్తిగా గొనువారికి పత్రములకంటె తాము వ్రాసిన పనిని చూపుటయే యెక్కువ లాభకరమని మా శిష్యులు చెప్పుదురు. వారికి నిధి ధనము వేఱొకవిధముగ నుపయోగింపవచ్చును.

ఇప్పుడు నిధి మాట. సి.సి.ఎన్.ఏ. శుల్కము 300 డాలర్లు. మన రూపాయలలో ఇరువదియైదువేలకు దరిదాపు. అమెజాన్ వారి ప్రథమ పరీక్షకు 100 డాలర్లు. సంస్థలు వీనిని మార్చుచుండును. నెగ్గినవారికి తరువాత నీయవలెనని కోశాధికారిగారి యభిప్రాయము. నిధికి నష్టము లేని మార్గమే. కాని ఇరువదియైదువేలు ముందు పెట్టగలవాడు నిధికడకు రాడు; పెట్టలేనివాడు అప్పునకు పోవును; అప్పుచేసినవాడు తప్పకుండ నెగ్గవలెనను భయముచేత కాగితముల కట్ట కొనును. మా పిల్లవాడు కొన్నది దుర్మార్గముచేత కాదు, తల్లి గొలుసు తాకట్టులో నున్నందున. కావున ముందే యీయవలెనని మేము మనవి చేయుచున్నాము. దానికొక షరతు పెట్టుదము. ఈ వృత్తిలోనున్న మనవారొకరు దరఖాస్తుదారుని యెదుట యంత్రమునుంచి, ఒక గంటసేపు పని చేయించి చూచి, “పరీక్షకు సిద్ధముగా నున్నాడు” అని వ్రాసి సంతకము చేయవలెను. లేనిచో, ఇంకను ఏమి నేర్వవలెనో వ్రాసి పంపవలెను. సిద్ధమని తేలినవాడు ఒకసారి తప్పినచో రెండవసారి సగము శుల్కము నీయవలెను. పరీక్షకు ముందు ప్రశ్నలను బయలుపఱుపనని అభ్యర్థి యంగీకరించును. ఆ యంగీకారమును మీఱి అమ్మిన కట్టలను కొన్నవాడని తెలిసినచో నిధి మఱల నీయరాదు. ఆ మాట ముందే తలిదండ్రులకు తెలుగున చదివి వినిపింపవలెను, వారికి తెలియకనే పెక్కు జరుగుచున్నవి.

ఇట్లు గంటసేపు కూర్చుండి చూచుటకు పదిమంది కావలెను. హైదరాబాదు, బెంగుళూరులలోను, అమెరికాలోను ఉన్న మనవారు దూరమునుండియైన తెరమీద చూడవచ్చును. మా పాత శిష్యుడు మొదటి పేరు తనదే వ్రాయుమన్నాడు, వ్రాసితిమి. మిగిలిన తొమ్మిదింటికి కాగితము భోజనశాల ద్వారము కడ బల్లమీద నున్నది. ముసాయిదా తీర్మానము కార్యదర్శిగారి కందజేసితిమి. సాయంకాలపు సభలో చర్చకు వచ్చును. కోశాధికారిగారు మాటలాడుటకు తగినంత కాలమీయవలెనని అధ్యక్షులవారిని ప్రార్థించుచున్నాము.