జ్వరము దిగిన వేళ

రోగి నుదుట చేయి వేసి, "జ్వరం దిగింది" అనగానే ఇంటిల్లిపాదికిని ప్రాణము లేచివచ్చును. ఆ మాట ఎల్లప్పుడును శుభవార్త కాదని నాకు తెలియజెప్పినది ఒక నర్సు.

మా నాయనగారు మధుమేహ రోగి. కాలిపుండు చీముపట్టి, మూడు దినములు తీవ్రమైన జ్వరముతో ఆసుపత్రిలో ఉండిరి. నాలుగవనాటి రాత్రి ఒళ్ళు చల్లబడినది. మేము సంతోషించితిమి. రాత్రి డ్యూటీకి వచ్చిన నర్సు మాత్రము సంతోషింపలేదు. గడియారము చూచుచు నిండు నిమిషముపాటు ఊపిరులు లెక్కించినది: 28. గోరు నొక్కి వదలినది. తెల్లబడిన గోరు తిరిగి ఎరుపెక్కుటకు 5 సెకన్లు పట్టినది. "మీ పేరేమిటి తాతగారూ?" అని అడిగినది. ఆయన తడబడిరి. మధ్యాహ్నము మొదలు మూత్రము రాలేదన్న సంగతి అప్పుడుగాని మాకు తోచలేదు. ఆమె వెంటనే డాక్టరుగారిని పిలిపించినది.

అది సెప్సిస్. శరీరములో ప్రవేశించిన సూక్ష్మజీవులతో పోరాడవలసిన శక్తియే అదుపు తప్పి, సొంత అవయవములకు హాని చేయుట దీని స్వభావము. రక్తనాళములు సడలి, వాటిలోని నీరు బయటికి ఊరి, రక్తపు పోటు పడిపోవును. అవయవములకు చాలినంత రక్తము అందని ఆ స్థితియే షాక్. అప్పుడు కొందరికి, ముఖ్యముగా వృద్ధులకు, ఒంటి వేడి పెరుగుటకు మారు తగ్గిపోవును. 2017లో ప్రపంచమున 4 కోట్ల 89 లక్షల మందికి సెప్సిస్ కలిగినదనియు, 1 కోటి 10 లక్షల మంది మరణించిరనియు అంచనా.

షాక్ అని తోచిన గంటలోపల, రక్తపు నమూనా తీసి, యాంటీబయాటిక్ మందును నరములోనికి ఎక్కింపవలెను. మొదటి 3 గంటలలో కిలో బరువునకు 30 మిల్లీలీటర్ల చొప్పున, అనగా 60 కిలోల మనిషికి సుమారు 1,800 మిల్లీలీటర్ల సెలైను ఇచ్చుట వాడుక. అప్పటికిని పోటు నిలువనిచో నార్‌ఎడ్రినలిన్ ఇత్తురు. చీమున్నచో దానిని తీసివేయవలెను. ఇవి వైద్యుని నిర్ణయములు. సెలైను ఎక్కుచుండగా ఆయాసము హెచ్చుచున్నదా, గంటకు 30 మిల్లీలీటర్లయినను మూత్రము వచ్చుచున్నదా అని కనిపెట్టి చూచునది నర్సు.

శ్రోతలారా! మీ ఇంట చీముపట్టిన పుండుగాని, న్యుమోనియాగాని, ప్రసవానంతర జ్వరముగాని ఉన్నవారుండిన, ఒంటి వేడి ఒక్కటే చూడకుడు. ఊపిరి వేగము, మాట తీరు, చేతులు కాళ్ళ చల్లదనము, మూత్రము - ఈ నాలుగును చూడుడు. ఏది చెడినను తెల్లవారనిమ్మని ఆగక, 108కి ఫోన్ చేయుడు. బండి వచ్చులోపల రోగిని పరుండబెట్టి, దుప్పటి కప్పుడు. ఆయాసమున్నచో తల ఎత్తుగా ఉంచుడు. తెలివి తప్పుచున్నవారి నోట ఏమియు పోయకుడు.

మా నాయనగారు కాలివ్రేళ్ళు రెండు పోగొట్టుకొని ఇల్లు చేరిరి. ఇప్పుడు మా ఇంట ఎవరికి జ్వరము దిగినను, మొట్టమొదట గడియారము చేతికి తీసుకొనువారు ఆయనే.