చదువుకు గడువుంది, నిధులకు లేదా?

(తల్లిదండ్రులు, విద్యార్థుల సమావేశంలో విద్యార్థుల పక్షాన చేసిన ప్రసంగ పాఠం)

 

 మేము సానుభూతి కోరి ఇక్కడ నిలబడలేదు. మా పేరిట ప్రభుత్వాలు ప్రకటించిన సొమ్ము ఎంత, అది మా దాకా ఎందుకు చేరడం లేదు, మమ్మల్ని అడగకుండా తీసుకున్న నిర్ణయాలు మా చదువును ఎటు నెడుతున్నాయి అన్న లెక్కను మీ ముందు ఉంచదలిచాము.

ఈ లెక్క సచార్ కమిటీతో మొదలవుతుంది. 6 నుంచి 14 ఏళ్ల ముస్లిం బాలబాలికలలో 25 శాతం మంది అసలు బడి ముఖం చూడనివారో, మధ్యలో మానేసినవారో అని 2006 నవంబరులో పార్లమెంటు ముందుకు వచ్చిన ఆ నివేదిక తేల్చింది. పేరున్న కళాశాలల్లో డిగ్రీ చదివేవారిలో పాతికమందికి ఒకరు, పీజీ చదివేవారిలో యాభైమందికి ఒకరు మాత్రమే ముస్లింలని చెప్పింది. ఆ తర్వాత 2008లో ప్రీమెట్రిక్ ఉపకారవేతనాలు, మరుసటి సంవత్సరం పరిశోధక విద్యార్థులకు మౌలానా ఆజాద్ నేషనల్ ఫెలోషిప్ వచ్చాయి. ఇవి ఎవరో దయతలచి ఇచ్చిన కానుకలు కావు. ప్రభుత్వం నియమించిన కమిటీ చూపిన లోటును పూడ్చడానికి ప్రభుత్వమే చేపట్టిన పథకాలు.

2022లో ఏం జరిగిందో గుర్తు చేసుకుందాం. ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ప్రీమెట్రిక్ ఉపకారవేతనాన్ని ఆపివేశారు. విద్యాహక్కు చట్టం కింద ఎనిమిదో తరగతి దాకా చదువు ఉచితమే కదా అన్నారు. ఆ చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచే అమలులో ఉంది. పన్నెండేళ్లపాటు చట్టమూ, ఉపకారవేతనమూ పక్కపక్కనే నడిచాయి. అప్పుడు కనిపించని వైరుధ్యం ఇప్పుడెలా కనిపించింది? చట్టం బడి ఫీజును తీసివేయగలదు. నోటు పుస్తకాల ఖర్చునూ, ఆటో ఛార్జీనీ, పిల్లవాడు మెకానిక్ షెడ్డుకు వెళితే ఇంటికి వచ్చే కూలినీ తీసివేయలేదు. పైగా సచార్ నివేదిక చూపిన నష్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల మధ్యలోనే ఉంది. బిందెకు అడుగున చిల్లు పడితే మాటు అడుగునే వేయాలి.

ఇక అంకెలు చూద్దాం. కేంద్ర మైనారిటీ వ్యవహారాల శాఖకు 2022-23 బడ్జెట్‌లో ప్రకటించినది 5,020.50 కోట్ల రూపాయలు. అదే సంవత్సరం సవరించిన అంచనాలలో అది 2,612.66 కోట్లకు దిగింది. మరుసటి సంవత్సరం కేటాయింపు 3,097.60 కోట్లు. ప్రీమెట్రిక్ పద్దు 1,425 కోట్ల నుంచి 433 కోట్లకు, వృత్తివిద్యలకు ఇచ్చే మెరిట్ కమ్ మీన్స్ పద్దు 365 కోట్ల నుంచి 44 కోట్లకు పడిపోయాయి. పోస్ట్‌మెట్రిక్ పద్దు 515 కోట్ల నుంచి 1,065 కోట్లకు పెరిగిన మాట నిజమే, దానిని మేము దాచము. కానీ పదో తరగతి దాకా నిలవని పిల్లవాడికి పోస్ట్‌మెట్రిక్ ఎలా అందుతుంది?

అదే ఏడాది డిసెంబరులో మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను నిలిపివేస్తున్నట్లు లోక్‌సభలో ప్రకటించారు. ఇతర ఫెలోషిప్‌లు ఉన్నాయి కనుక ఇది పునరావృతమవుతున్నదని కారణం చెప్పారు. మన తెలుగు రాష్ట్రాల సంగతి చూడండి. ఇక్కడ బీసీ-ఈ జాబితాలో ఉన్న ముస్లిం వర్గాలన్నీ కేంద్ర ఓబీసీ జాబితాలో లేవు. రాష్ట్రంలో వెనుకబడినవాడిగా గుర్తింపు పొందిన విద్యార్థి కేంద్రం దగ్గరకు వెళ్లేసరికి ఓబీసీ ఫెలోషిప్‌కు అర్హుడు కాకుండా పోతున్నాడు. అతనికి మూసిన తలుపు కనిపిస్తుంది గాని, ప్రభుత్వం చెప్పే మరో తలుపు కనిపించదు.

అక్రమాలు జరిగాయి కదా అంటారు. జరిగాయి. 2023లో 1,572 సంస్థలను పరిశీలిస్తే 830 బోగస్‌వో, పనిచేయనివో అని తేలింది. కేసు సీబీఐకి వెళ్లింది. ఆ దోషులను శిక్షించాలని అందరికంటే ముందు కోరేది మేమే. దోపిడీకి గురైనది మా సొమ్మే. అయితే దొంగ పడ్డాడని దీపం ఆర్పేస్తే ఇంట్లోవాళ్లకే చీకటి.

కేంద్రాన్ని మాత్రమే అని రాష్ట్రాలను వదిలిపెట్టలేము. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్ వల్ల మన ఇళ్లలో తొలి ఇంజనీర్లు, తొలి ఫార్మసీ పట్టభద్రులు తయారయ్యారు. ఆ మేలు మరువము. కానీ నేడు రెండు రాష్ట్రాల్లోనూ బకాయిలు పేరుకుపోయాయి. ఆంధ్రప్రదేశ్‌లో కొన్నాళ్లు తల్లుల ఖాతాల్లో వేశారు, తర్వాత కళాశాలలకే చెల్లిస్తామన్నారు. దారి మారింది, ఎదురుచూపు మారలేదు. ప్రభుత్వం సొమ్ము విడుదల చేయదు, యాజమాన్యం సర్టిఫికెట్ ఇవ్వదు. అసలు సర్టిఫికెట్లను కళాశాలలు అట్టిపెట్టుకోరాదని యూజీసీ 2018లోనే ఆదేశించినా మాలో ఎందరో పీజీ కౌన్సెలింగ్ తేదీ దాటిపోతుంటే కార్యాలయం గుమ్మం ముందు నిలబడ్డారు. అప్పు చేసి ఫీజు కట్టి సర్టిఫికెట్ తెచ్చుకున్న ఇళ్లున్నాయి. అప్పు పుట్టక, కూతురి చదువు అంతటితో చాలనుకున్న ఇళ్లూ ఉన్నాయి. బకాయి రెండేళ్ల తర్వాత విడుదలైతే కళాశాలకు సొమ్ము ముడుతుంది. ఆ అమ్మాయి పోగొట్టుకున్న సంవత్సరాన్ని ఏ ఖజానా చెల్లిస్తుంది?

ప్రజల సొమ్ము పాలకుల చేతిలో అమానత్. జకాత్ లెక్క ఏడాది నిండగానే తేల్చాలని మనకు తెలుసు. పేదవాడి హక్కును వాయిదా వేయడం కూడా అన్యాయమేనని మన ధర్మం నేర్పింది. అదే నియమాన్ని ప్రభుత్వాల ముందు ఉంచుతున్నాము.

మేము కోరేవి నాలుగు. ఒకటి, ఉపకారవేతనాలు, ఫీజు నిధులు విద్యాసంవత్సరం ముగియకముందే విడుదల కావాలి. రెండు, ఎంత కేటాయించారు, ఎంత విడుదల చేశారు, ఎంత ఖర్చయింది అన్న మూడు అంకెలను మూడు నెలలకొకసారి జిల్లాలవారీగా ప్రకటించాలి. మూడు, బకాయిల పేరుతో ఏ విద్యార్థి సర్టిఫికెట్‌నూ ఆపరాదు. నాలుగు, ఎనిమిదో తరగతి లోపు ఉపకారవేతనాన్నీ, పరిశోధక ఫెలోషిప్‌నూ పునరుద్ధరించాలి.

పెద్దలకు కూడా ఒక మనవి. బడ్జెట్ రోజున ప్రకటించిన అంకె విని సంతోషించడమో, నిట్టూర్చడమో చేసి ఊరుకోకండి. ఏడాది చివర ఖర్చెంతో అడగండి. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడితే ముప్పై రోజుల్లో సమాధానం ఇవ్వాలి. ప్రతి మస్జిదు పరిధిలో చదువుకున్న ఇద్దరు యువకులు, ఇద్దరు యువతులు ఈ పని చేపడితే చాలు. దరఖాస్తు నింపడం తెలియక గడువు దాటబెట్టుకున్న పిల్లలకు కూడా వారే తోడుంటారు. ఆ పనికి మేము సిద్ధం. మీరు వెనుక నిలబడండి.

మా తమ్ముళ్లు, చెల్లెళ్లు మాలాగా గుమ్మాల ముందు నిలబడకుండా తరగతి గదుల్లో కూర్చునే రోజును అల్లాహ్ త్వరలో చూపించుగాక. ఆమీన్.