లక్కపూతపై సన్నగీతలు

అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతములలో ఆవరణలు గల పాత ఇండ్లు అనేకము తొలగి, వాని స్థానమున అంతస్తుల భవనములు వెలసినవి. ఇండ్లు మారినను కొన్ని సామానులు మారలేదు. తాతగారి వ్రాతబల్లను, పెండ్లినాటి టేకు అలమారను లిఫ్టులో పట్టకున్నను మెట్లమీదుగా మోయించి తెచ్చుకొన్న కుటుంబములు కలవు. అట్టి సామానుపై కిటికీ వెలుగు ఏటవాలుగా పడినపుడు సాలెగూటివంటి సన్నగీతలు కానవచ్చును. చూచిన వెంటనే, పూత అంతయు గీకించి మరల పాలిషు పెట్టింపవలెనని ఇంటివారికి తోచును. అది ఎంతవరకు అవసరమో విచారింతము.

మొదట గ్రహింపవలసినది ఒకటి కలదు. ఆ గీతలు కొయ్యమీద లేవు. కొయ్యను కప్పిన పూతమీద ఉన్నవి. నునుపైన పూత అద్దమువలె వెలుగును ఒకే దిక్కునకు మరలించును. గీత అంచులు ఆ వెలుగును చెదరగొట్టును. చెదరిన వెలుగే తెల్లని చారవలె కనబడును. పూత దళసరి సాధారణముగా ఒక కాగితమంత మాత్రమే. గీతను పోగొట్టుట యనగా, దాని చుట్టునున్న పూతను గీత అడుగువరకు తగ్గించుట. కావున మెరుగు పెట్టిన ప్రతిసారియు కొంత పూత వ్యయమగును. ఒకసారి పోయిన పూత తిరిగి రాదు.

గీత లోతును తెలిసికొనుటకు సులభమైన పరీక్ష కలదు. వేలికొనను తడిపి గీతపై రాయవలెను. తడి యున్నంతసేపు గీత మాయమైనచో అది పైపైనిది. గోరు అడ్డముగా లాగినపుడు తట్టుకొన్నచో లోతైనది. దానిని అనుభవజ్ఞుడగు పనివానికే విడువవలెను.

పిదప పూత ఏ జాతిదో తెలియవలెను. పూర్వము చపడా లక్కను స్పిరిటులో కరగించి, దూది చుట్టిన గుడ్డతో పూసెడివారు. మోదుగ, రేగు మొదలగు చెట్లపై బ్రతుకు చిన్న పురుగు స్రవించునదే లక్క. ఏటికొప్పాక అంకుడుకఱ్ఱ బొమ్మలకు వన్నె తెచ్చునదియు లక్కయే. 1923లో అమెరికాలో మోటారుబండ్లకు డ్యూకో అను నైట్రోసెల్యులోజు లేకరు వాడుకలోనికి వచ్చి, క్రమముగా కొయ్యసామానునకును వ్యాపించెను. తరువాత మెలమైను, పి.యు. పూతలు వచ్చినవి. బల్ల అడుగున కనబడని చోట ఒక చుక్క స్పిరిటు వేసి చూడుడు. జిగురెక్కినచో అది చపడా. స్పిరిటునకు లొంగక థిన్నరునకు లొంగినచో లేకరు. రెంటికిని లొంగనిచో మెలమైను గాని పి.యు. గాని అయి యుండును.

ఇక పని. మెత్తని నూలుగుడ్డను తడిపి గట్టిగా పిండి, దుమ్మును మెల్లగా తీసి, ఆరనిచ్చి, కొంచెము మైనపు పాలిషు రాయవలెను. మైనము గీతలలో నిండి వెలుగు చెదరకుండ చేయును. పైపై గీతలకు పలుమారు ఇంతమాత్రమే చాలును. చాలనిచో, లేకరు, మెలమైను, పి.యు. పూతలపై 2000 నంబరు నీటికాగితమును సబ్బునీటిలో ముంచి, కొయ్య చారల వెంబడి తేలికగా నాలుగైదుసార్లు నడుపవలెను. తుడిచి చూచి, పిదప రబ్బింగు కాంపౌండుతో మెరుగు పెట్టవలెను. అంచుల చెంత పూత మరింత పలుచన. అచట కాగితము తగులరాదు. మెరుపు లేని పూతపై ఈ పని చేసినచో ఆ భాగమొక్కటే మెరసి మచ్చ యగును.

చపడాకు నీరు శత్రువు. దానిపై నీటికాగితము వలదు. పలుచని చపడా ద్రావణమును గుడ్డ ఉండకు కొద్దిగా పట్టించి, ఒక బొట్టు నూనెతో, ఎచటను నిలుపక తేలికగా తిప్పవలెను. పాతపూత పైపొర కరగి కొత్తదానితో కలియును. వానాకాలమున ముసురు పట్టిన దినమున ఈ పని చేసినచో గాలిలోని తేమకు పూత తెల్లబారును. స్పిరిటు, థిన్నరు సులభముగ అంటుకొనును గనుక దేవునిదీపమునకు, పొయ్యికి దూరముగ, కిటికీలు తెరచి పని చేయవలెను.

పంజాగుట్టకు సమీపముననున్న ఖైరతాబాదునకు నిర్మల్ కళాకారుల పని వచ్చిన కారణమున, ఆ బంగారువన్నె లతలు, చిత్రములు గల పళ్ళెములు ఈ ప్రాంతపు ఇండ్లలోను కలవు. వానికి ఈ రాపిడి ఏదియు పనికిరాదు. ఆ చిత్రములు పూత పైభాగముననే యుండును. గీతతోపాటు లతయు పోవును. మెత్తని కుంచెతో దుమ్ము దులుపుటయే వానికి తగిన సేవ.

ఇంతకును ఈ గీతలు ఎచటినుండి వచ్చుచున్నవి? చాలవరకు మన శుభ్రత నుండియే. అమీర్‌పేట కూడలివంటి రద్దీ మార్గముల నుండి ఇంటిలోనికి వచ్చు ధూళిలో ఇసుకరేణువు లుండును. ఇసుకలోని స్ఫటికము లక్క కంటె ఎంతో కఠినము. ప్రతి ఉదయము పొడిగుడ్డతో గట్టిగా తుడుచునపుడు ఆ రేణువులనే పూతపై రాయుచున్నాము. కావున గుడ్డను కొంచెము తడిపి, నొక్కక తుడువుడు. పూలకుండీల క్రింద, ఇత్తడి పాత్రల క్రింద మెత్తని ఉన్నిబట్ట పరువుడు.

బల్ల క్రొత్తదిగా కనబడుట మన లక్ష్యము కారాదు. చేతివాటముతో, కాలముతో పండిన పూతను అరువదియేండ్ల తరువాత సంపాదింపలేము. మైనముతో తీరు గీతకు కాగితము ఎత్తరాదు. కాగితముతో తీరు గీతకు పూతనంతయు గీకరాదు. మిగిలిన ఒకటి రెండు గీతలను ఉండనిచ్చినను లోపము లేదు. వానిక్రింద పూత ఇంకను నిలిచియుండును. రేపటితరము వారికి దానిని కాపాడుకొను అవకాశమును మిగులును.