చలి పొద్దున బండి



చలికాలం వచ్చింది. గోదావరి మీద మంచు కమ్ముకుంటోంది. అడవి అంచు ఊళ్లలో చలి మరీ ఎక్కువ. డిసెంబరు, జనవరి నెలల్లో కొన్ని రాత్రులు 10, 12 డిగ్రీలకు దిగుతుంది. మనుషులు నెగడు వేసుకుని చలి కాగుతారు. పశువులు కొట్టంలో ముడుచుకుంటాయి. మరి బండి సంగతేమిటి? దానికీ చలి పడుతుంది.

చర్ల వైపు ఒక గూడెం అనుకోండి. తెల్లవారుజామున నాలుగు గంటలు. ఒక ఇంటి కోడలికి నొప్పులు మొదలయ్యాయి. 108కి ఫోన్ చేశారు. అంబులెన్సు దూరంలో ఉంది. రావడానికి చాలాసేపు పడుతుందన్నారు. ఊళ్లో ఒక పాత డీజిల్ జీపు ఉంది. భద్రాచలం ఏరియా ఆసుపత్రికి ఎదురు తీసుకుపోదాం అనుకున్నారు. డ్రైవరు వచ్చి తాళం తిప్పాడు. బండి "గుర్... గుర్..." అని మూలిగింది. స్టార్టు కాలేదు. మళ్లీ తిప్పాడు. మళ్లీ అంతే.

"ఈ బండికి ఇప్పుడే రోగం రావాలా?" అని అత్త నెత్తి కొట్టుకుంది.

బండికి రోగం రాలేదు. చలి పట్టింది. అంతే.

ఎందుకు మొరాయిస్తుంది?

ఇందుకు మూడు కారణాలు ఉన్నాయి. మూడూ మన ఇంట్లో కనిపించేవే.

ఒకటి, నూనె. చలికాలం కొబ్బరినూనె సీసాలో ఏమవుతుంది? గడ్డ కడుతుంది. ఇంజిన్ ఆయిల్ అలా గడ్డ కట్టదు. కానీ చిక్కబడుతుంది. చిక్కటి ఆయిల్‌లో ఇంజిన్ భాగాలు తిరగడం కష్టం. బురదలో ఎడ్లబండి చక్రం లాంటిదే ఇది.

రెండు, బ్యాటరీ. చలికి బ్యాటరీ బలం తగ్గుతుంది. ఇంజిన్ తిప్పడానికి ఎక్కువ బలం కావాల్సింది అప్పుడే. బలం తక్కువగా ఉండేదీ అప్పుడే.

మూడు, వేడి. సైకిలు ట్యూబులో గాలి కొట్టారా? కొట్టి కొట్టి పంపు కింది భాగం పట్టుకుంటే వేడిగా ఉంటుంది. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. డీజిల్ ఇంజిన్ ఈ సూత్రం మీదే నడుస్తుంది. రుడాల్ఫ్ డీజిల్ అనే జర్మనీ ఇంజినీరు 1897లో ఈ ఇంజిన్‌ను నడిపి చూపించాడు. డీజిల్ అనే మాట ఆయన పేరు నుంచే వచ్చింది. ఇరవై చెంబుల గాలిని ఒక్క చెంబులోకి కుక్కితే ఎలా ఉంటుంది? లోపల గాలి అలా నలుగుతుంది. 500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. అందులో డీజిల్ చిమ్మితే దానంతట అదే అంటుకుంటుంది. అగ్గిపుల్ల అక్కర్లేదు. కానీ ఇనుమంతా చల్లగా ఉంటే ఆ వేడిని ఇనుమే పీల్చేస్తుంది. అప్పుడు డీజిల్ అంటుకోదు.

ఎలా స్టార్టు చేయాలి?

ముందు బండి న్యూట్రల్‌లో ఉందో లేదో చూడాలి. లైట్లు, పాటలు ఆపేయాలి. బ్యాటరీ బలమంతా ఇంజిన్‌కే పోవాలి. క్లచ్ పూర్తిగా తొక్కాలి.

కొన్ని డీజిల్ బండ్లకు హీటర్ ఉంటుంది. తాళం సగం తిప్పితే పసుపు రంగు దీపం వెలుగుతుంది. అది ఆరేదాకా ఆగాలి. ఆ కాసేపట్లో ఇంజిన్ లోపల వేడి పుడుతుంది. అప్పుడు సెల్ఫ్ కొట్టాలి.

సెల్ఫ్ పది సెకన్లకు మించి పట్టుకోకూడదు. స్టార్టు కాకపోతే అర నిమిషం ఆగాలి. బ్యాటరీ కాస్త తేరుకుంటుంది. తొందరపడి కొడుతూ పోతే బ్యాటరీ పూర్తిగా దిగిపోతుంది. అప్పుడు బండి తొయ్యడమే గతి.

పాత పెట్రోలు బండికి చోక్ ఉంటుంది. చలిలో స్టార్టు చేసేటప్పుడు చోక్ లాగాలి. ఇంజిన్ వేడెక్కాక మళ్లీ లోపలికి నెట్టాలి.

స్టార్టు అయ్యాక రేస్ ఇవ్వకూడదు. ఆయిల్ ఇంకా అన్ని భాగాలకూ చేరలేదు. ఇనుముకు ఇనుము రాసుకుని అరుగుతుంది. అర నిమిషమో, ఒక నిమిషమో ఊరికే నడవనివ్వాలి. తర్వాత మెల్లగా కదలాలి. మొదటి రెండు మూడు కిలోమీటర్లు నెమ్మదిగా పోతే బండి దారిలోనే వేడెక్కుతుంది. పావుగంట నిలబెట్టి తిప్పితే డీజిల్ దండగ.

కొందరు డీజిల్ ట్యాంకు కింద మంట పెడతారు. ప్రాణాల మీదికి వచ్చే పని. ఎవరు పెట్టబోయినా వద్దని చెప్పండి.

పొగతో జాగ్రత్త

ఇంతలో జీపు దగ్గర ఏం జరిగింది? జీపు ఉన్నది కొట్టంలో. నొప్పులు పడుతున్న పిల్లను తెచ్చి జీపులో కూర్చోబెట్టారు. "చలిగాలి కొడుతోంది, తలుపు వెయ్యండి" అన్నారు ఎవరో.

వెయ్యకూడదు! ఇంజిన్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటుంది. దానికి రంగు లేదు. వాసన లేదు. ఊపిరితో లోపలికి పోయి, నెత్తురులో ప్రాణవాయువు ఉండాల్సిన చోట అది కూర్చుంటుంది. తల నొస్తుంది. కళ్లు తిరుగుతాయి. వాంతి వస్తుంది. మత్తు కమ్ముతుంది. నిద్ర అనుకుంటారు. అది నిద్ర కాదు. కడుపులో బిడ్డకు అది మరీ ప్రమాదం. గది తలుపులు మూసి బొగ్గుల కుంపటి పెట్టుకుంటే ప్రాణాలు పోయేది కూడా ఈ వాయువుతోనే.

అమెరికాలో మంచు కురిసే ఊళ్లలోనూ ఇదే ప్రమాదం ఉంది. కారు షెడ్డు మూసి ఇంజిన్ వేడి చేసినవాళ్లు అక్కడ చనిపోయారు. మంచు పొగగొట్టాన్ని మూసేసినా కారులోకి విషవాయువు వస్తుంది.

అందుకే ముందు బండిని ఆరుబయటికి తొయ్యాలి. ఆ తర్వాతే స్టార్టు చేయాలి. పొగగొట్టం ఇంటి వైపు, మనుషుల వైపు ఉండకూడదు. ఇంజిన్ కుదురుకున్నాకే మనిషిని ఎక్కించాలి. చలికి గొంగడి కప్పండి. తలుపు మాత్రం మూయకండి.

ఎవరికైనా పొగ పట్టిందా? వెంటనే ఆరుబయటికి తేవాలి. ఆసుపత్రికి తీసుకుపోవాలి.

పొలం దగ్గర

"బండి తోలేది మగవాళ్లు, మాకెందుకు?" అనకండి. ఆటో తోలే ఆడవాళ్లు ఉన్నారు. వాగు ఒడ్డున ఆయిల్ ఇంజిన్ పెట్టి నారుమడికి నీళ్లు పారించే ఆడవాళ్లూ ఉన్నారు. చలి పొద్దున వాళ్ల ఒంటి మీద శాలువా ఉంటుంది. శాలువా, కొంగు, జడ తిరిగే బెల్టుకు చిక్కితే మనిషిని లాగేస్తుంది. కొంగు బిగించి దోపుకోండి. జడ ముడి వేసుకోండి. శాలువా తీసి పక్కన పెట్టండి. ఆయిల్ ఇంజిన్‌ను బావిలోకి దింపి ఎప్పుడూ నడపవద్దు. పొగ బావిలోనే నిలిచిపోతుంది. కాపాడబోయి దిగినవాళ్ల ప్రాణమూ పోతుంది.

ఆ గూడెంలో అత్తే ముందుకు వచ్చింది. "తలుపు తియ్యండి, బండి బయటికి తొయ్యండి" అంది. నలుగురూ తోశారు. డ్రైవరు అర నిమిషం ఆగి సెల్ఫ్ కొట్టాడు. ఈసారి ఇంజిన్ అందుకుంది. గొంగడి కప్పుకుని కోడలు ఎక్కింది. జీపు మెల్లగా భద్రాచలం దారి పట్టింది.

తొందర ఉన్నప్పుడే నిదానం కావాలి. చలిలో బండికి కావలసింది ఒక్క నిమిషం ఓపిక. మనిషికి కావలసింది మంచి గాలి.

చదివారు కదా, చెప్పండి

1. చలికి ఇంజిన్ ఆయిల్ ఏమవుతుంది?
2. సెల్ఫ్ కొట్టాక అర నిమిషం ఎందుకు ఆగాలి?
3. మూసిన కొట్టంలో ఇంజిన్ ఎందుకు నడపకూడదు?
4. మీ ఊళ్లో రాత్రిపూట దొరికే బండి ఎవరిది? ఆ ఫోన్ నంబరు, దాని పక్కనే 108 అని, మీ చేత్తో గోడ మీద రాయండి.